లక్కకు హక్కుంది, చెక్కకు లేదు

ఏటికొప్పాక బొమ్మ గురించి మనం గొప్పగా చెప్పుకునే మాటలన్నీ ఏటికొప్పాకలో మొదలై ఏటికొప్పాకలోనే ఆగిపోతాయి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరు, అక్కడి వారి పనితనం, లక్క మెరుపు గురించి చెప్పుకుంటాం. బొమ్మ లోపలి చెక్క మాత్రం ఆ ఊరి సొత్తు కాదు. తూర్పు కనుమల ఆకురాల్చే అడవుల్లో పెరిగే అంకుడు చెట్టుది అది. నర్సీపట్నం దాటి చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు ఎక్కే కొండలు, వాటి దిగువన పరుచుకున్న అడవులు ఆ చెట్టుకు పుట్టిల్లు. ఈ బొమ్మను కాపాడాలని మూడు దశాబ్దాలకు పైగా ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. కాపాడుతున్నది దేన్ని అన్న ప్రశ్న ముందు వాటిని నిలబెట్టి చూస్తే ఫలితం స్పష్టంగానే ఉంది. రంగు బాగుపడింది. పేరు నిలిచింది. చెట్టు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

చెక్క, లక్క, వేడి

అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. నార సన్నం. అందుకే ఉలికి ఎదురు తిరగదు. పచ్చి కర్రను తెచ్చిన వెంటనే పనిలో పెడితే తర్వాత బొమ్మ పగులుతుంది. ముక్కలు కోసి నీడన ఆరబెట్టాలి. ఆరిన ముక్కను లేత్‌కు బిగించి తిప్పుతూ ఉలితో చెక్కుతారు. ఈ పనిలో ఆకారాలన్నీ గుండ్రనివే. మనిషి తల, ఏనుగు పొట్ట, బిందె, బొంగరం అన్నీ తిరుగుడులోనే తేలాలి. కాళ్లూ చేతులూ తొండమూ విడిగా చేసి అతికిస్తారు.

చెక్కడం అయ్యాక కుంచె పని లేదు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న చెక్కకు ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి చెక్కంతా పాకుతుంది. దాని మీద మొగలి ఆకు ఒత్తి పట్టుకుంటే మెరుపు తేలుతుంది. ఎంత ఒత్తాలి, ఎప్పుడు వదలాలి అన్నది చేతికి తెలియాల్సిందే. వేడి చాలకపోతే లక్క అంటదు, మించితే మాడుతుంది. ఒకప్పుడు తాడు లాగి లేత్ తిప్పే మనిషి ఒకరు, ఉలి పట్టే మనిషి ఒకరు ఉండేవారు. కరెంటు మోటార్లు వచ్చాక తాడు లాగే మనిషి అవసరం తీరింది. ఉలి, లక్క, ఆకు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ పనిలోంచి పుట్టిన వస్తువుల్లో తెలుగిళ్లకు బాగా దగ్గరైనవి లక్కపిడతలు. పొయ్యి, రోలు, తిరగలి, బిందె, చెంబు, గరిటె, ఇలా ఒక ఇంటి వంటిల్లంతా పిల్లల అరచేతుల్లో ఇమిడిపోతుంది. వాటి పక్కన బొంగరాలు, గిలకలు, కుంకుమ భరిణెలు, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, దసరా బొమ్మల కొలువుకు పేర్చుకునే దేవుళ్లూ ఉంటారు. చుట్టుపక్కల జమీందారీ కుటుంబాల ఆదరణ ఈ పనికి చాలా కాలం ఊపిరి పోసింది. ఆ ఆదరణ తగ్గాక సంతలు, తిరునాళ్లు, ఆ తర్వాత ఎంపోరియంలు దాన్ని మోశాయి.

రంగు మారిన కథ

ఇరవయ్యో శతాబ్దంలో చవగ్గా దొరికే రసాయన రంగులు ఈ ఊళ్లోకీ వచ్చాయి. పని తేలికైంది, బొమ్మ మరింత ధగధగలాడింది. కానీ పిల్లల బొమ్మ అంటే పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు. సీసం వంటి లోహాలున్న రంగుల మీద ప్రపంచమంతా ఆంక్షలు బిగిసినప్పుడు, రసాయన రంగు పూసిన బొమ్మకు విదేశీ మార్కెట్ తలుపు మూసుకుంది.

ఇక్కడే సి.వి.రాజు చేసిన పని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1990ల నుంచి ఆయన పద్మావతి అసోసియేట్స్ పేరిట కళాకారులను కూడగట్టి, మొక్కల నుంచి తీసిన రంగులను లక్కతో కలిపే పద్ధతులను మళ్లీ నిలబెట్టారు. పసుపు నుంచి పసుపురంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు, నీలిమందు నుంచి నీలం, పసుపు నీలిమందుల కలయికతో ఆకుపచ్చ వస్తాయి. లక్కకు తనదైన ఎరుపు ఉండనే ఉంది. కరక్కాయ వంటివి రంగు నిలవడానికి తోడవుతాయి. 2020 ఆగస్టు 30న ప్రధాని రేడియో ప్రసంగంలో ఈ ప్రయత్నం ప్రస్తావనకొచ్చింది. 2023లో రాజుకు పద్మశ్రీ దక్కింది.

ఈ బొమ్మ పరిరక్షణలో ఇంతవరకు పూర్తిగా ఫలించిన అధ్యాయం ఇదే. దానికి కారణం కూడా ఉంది. పాతదాన్ని పాతది కాబట్టి దాచిపెట్టమని ఆయన అడగలేదు. ఈనాటి తల్లిదండ్రుల భయానికి పాత పద్ధతిలో జవాబు దొరుకుతుందని చేసి చూపించారు. అయినా దీనికో హద్దుంది. సహజ రంగుకు శ్రమ ఎక్కువ, ధర ఎక్కువ. పక్కనే రసాయన రంగు పూసిన బొమ్మ సగం ధరకు కనిపిస్తే, తిరునాళ్లలో కొనేవారికి తేడా చెప్పేవారుండరు.

పేరు, ముద్ర, మినహాయింపు

2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఇంకెక్కడో తయారైన బొమ్మను ఆ పేరుతో అమ్మడం చట్టరీత్యా తప్పు. కేంద్రం 2020లో ఆటబొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరైంది. అదే నిబంధన చేతిపనివారికి ఉరి కాకుండా, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులు చేసే అధీకృత వినియోగదారులకూ మినహాయింపు ఇచ్చారు. రాష్ట్ర హస్తకళల సంస్థ లేపాక్షి దుకాణాలు అమ్మకానికి తోడ్పడుతున్నాయి. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే కర్తవ్యపథ్ మీద నడిచి మూడో స్థానం సాధించింది.

వీటిలో ఏదీ తీసిపారేయదగ్గది కాదు. చైనా ప్లాస్టిక్ బొమ్మలతో పోటీ పడలేక మూలపడిన చేతిపనికి ఇవన్నీ కాస్త వెసులుబాటు ఇచ్చాయి. కానీ వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇవన్నీ బొమ్మ తయారయ్యాక మొదలయ్యే సాయాలు. అమ్మేచోట, చూపించేచోట, పేరు పెట్టేచోట ఆసరా దొరుకుతుంది. తయారీకి ముందున్న మెట్టు మీద, అంటే కర్ర దొరకాల్సిన చోట, ఏదీ కాలు పెట్టదు. భౌగోళిక గుర్తింపు పత్రం పేరును కాపాడగలదు కానీ ఒక్క అంకుడు మొక్కను నాటలేదు.

గోళీలు చెప్పే పాఠం

ఆటవస్తువుల తయారీకి ముడిసరుకే ఆయువుపట్టని చెప్పడానికి గోళీకాయల చరిత్ర మంచి రుజువు. మన పల్లెల్లో డబ్బుల్లేని పిల్లలు గచ్చకాయలతో ఆడేవారు, ఉన్నవారు గాజు గోళీలతో. ఆ గాజు గోళీ వెనక పెద్ద కథే ఉంది. జర్మనీలో థురింజియా కొండల మధ్య ఉన్న లౌషా గాజు పనివారి ఊరు. వేడి గాజు కడ్డీని గుండ్రంగా తెంచే ప్రత్యేకమైన కత్తెర 1840ల్లో అక్కడ వచ్చాక గోళీలు పెద్ద ఎత్తున తయారయ్యాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో శామ్యూల్ డైక్ 1884లో మట్టి గోళీల కార్ఖానా పెట్టాడు. అదే ఊరి మార్టిన్ క్రిస్టెన్‌సెన్ గాజు గోళీలు చేసే యంత్రానికి 1905లో పేటెంటు పొందాడు.

తర్వాతి మలుపుల్లో ఇంధనానిదే పెద్ద పాత్ర. మొదటి ప్రపంచయుద్ధంతో జర్మనీ సరుకు ఆగిపోయింది. యుద్ధకాలపు గ్యాసు కొరతతో క్రిస్టెన్‌సెన్ కార్ఖానా మూతపడింది. ఆక్రో అగేట్ అనే మరో సంస్థ 1914లోనే చవకైన సహజవాయువు, మంచి ఇసుక ఉన్న వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కు తరలిపోయింది. ఆ తర్వాత జపాన్ నుంచి వచ్చిన పిల్లికన్ను గోళీల ముందు అదీ నిలవలేక 1951లో మూసేసింది. ఇప్పుడు ఆక్రన్‌లో గోళీల మ్యూజియం ఉంది. పాత గోళీని వేల డాలర్లకు కొనే సేకర్తలు ఉన్నారు. ఇంగ్లండులో టిన్స్‌లీ గ్రీన్ గ్రామంలో 1932 నుంచి గుడ్‌ఫ్రైడే నాడు గోళీల పోటీలు జరుగుతున్నాయి. వస్తువు మిగిలింది, పోటీ మిగిలింది. చేసిన చేతులే చాలాచోట్ల మిగల్లేదు.

ఏటికొప్పాకకు ఇంకా ఆ స్థితి రాలేదు. చేతులు ఉన్నాయి, నేర్పేవారున్నారు. ఆక్రన్‌కు గ్యాసు ఎలాంటిదో ఏటికొప్పాకకు అంకుడు అలాంటిది. దాని విషయంలో ఆలస్యం చేస్తే ఇక్కడ కూడా మిగిలేది మ్యూజియమే.

కొండ మీది లెక్క

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఏటికొప్పాక, గూడెం కొత్తవీధి రెండూ ఒకే విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు బొమ్మ చేసే ఊరు అనకాపల్లి జిల్లాలో, కర్ర పెరిగే కొండలు పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. కళాకారుల సమస్య ఒక కలెక్టరు ముందుకు, అడవి సమస్య ఇంకో కలెక్టరు ముందుకు వెళ్తాయి. రెంటినీ ఒకే కాగితం మీద చూసేవారు లేరు.

అసలు చిక్కు జిల్లాల కంటే పాతది. 1882 మద్రాసు అటవీ చట్టం కొండల్లో ఎవరు ఏ చెట్టు కొట్టవచ్చో తేల్చే అధికారాన్ని సర్కారు చేతిలో పెట్టింది. పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనుల్లో వెట్టి గూడెం కొండలను మండించాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణా మీద పడి ఆయుధాలు తీసుకుంది. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర ఇద్దరు బ్రిటిషు అధికారులు హతమయ్యారు. ఆ దామనపల్లి ఇప్పటి గూడెం కొత్తవీధి మండలంలోనే ఉంది. అంకుడు కోసమే ఆ పోరాటం జరగలేదు నిజమే. కానీ అడవి ఎవరిదన్న ప్రశ్నలో అంకుడు కూడా ఉంది.

ఆ ప్రశ్నకు 2006 అటవీ హక్కుల చట్టం సగం జవాబిచ్చింది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు అడవిలో నివసించేవారిదేనని చెప్పింది. ఏవేవి ఆ ఫలసాయమో కూడా చట్టంలోనే ఉంది: వెదురు, తేనె, మైనం, బీడీ ఆకు, ఔషధ మొక్కలు, వాటితో పాటు లక్క. కలప మాత్రం ఆ జాబితాలో లేదు. అంకుడు చెక్క చట్టం కంటికి కలపే. ఇప్పుడు లక్కపిడతను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. దాని పైపూత మీద కొండవాడికి చట్టం ఇచ్చిన హక్కుంది. లోపలి చెక్కను అతను కొట్టి అమ్మితే కేసు. ఒకే బొమ్మలో రెండు న్యాయాలు.

దీని ఫలితం ఇరువైపులా నష్టమే. కొండ మీద భగత, కొండదొర, కోందు, కమ్మర కుటుంబాలకు అంకుడు చెట్టును పెంచి కాచుకోవాలనే ఆశ ఉండదు. పెంచినా అమ్ముకోవడానికి దారి లేనిదాన్ని ఎవరు పెంచుతారు? కింద కళాకారుడికి కర్ర నికరంగా, న్యాయమైన ధరకు దొరుకుతుందన్న హామీ లేదు. అనుమతి కాగితానికీ అవసరానికీ మధ్య దూరం పెరిగినప్పుడల్లా ఆ ఖాళీలోకి దళారి దూరతాడు. అప్పుడు అంకుడు మొదలంటా కొట్టేసిన మొద్దుగా దిగుతుంది, చిగురించే మోడుగా మిగలదు.

ఈ చెట్టు స్వభావమేమో దీనికి నేరుగా విరుద్ధం. అంకుడు నరికిన మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. లక్కపిడతలకు పెద్ద మాను అక్కర్లేదు, సన్నని కొమ్మ చాలు. వంతులవారీగా కొమ్మలు కొట్టుకుంటే అడవికి నష్టం లేకుండా కర్ర ఏటేటా దొరుకుతుంది. చెట్టు ఇస్తానంటున్నదాన్ని చట్టం తీసుకోనివ్వడం లేదు.

కాఫీ చేసిందేమిటి

ఇదే గూడెం కొత్తవీధి, చింతపల్లి కొండల్లో కాఫీ వేరే దారి చూపింది. సర్కారు తోటలతో మొదలైన ఆ పంట సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ చొరవతో గిరిజనుల పట్టా భూముల్లోకి వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్ల మీదికి మిరియాల తీగ. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ పేరు కింద గింజ పండించే కొండ కుటుంబాలే ఉన్నాయి. పంట ఎవరిదో, పేరు ఎవరిదో ఒకచోటే కలిశాయి. బొమ్మ విషయంలో పేరు ఒకరిది, చెట్టు ఇంకొకరిది, చెట్టు మీద హక్కు మూడోవారిది. కాఫీ తోట గట్ల మీదా, ఇళ్ల పెరళ్లలోనూ అంకుడును పంటగా నాటుకునే ఆలోచన ఇంతవరకు గట్టిగా చేయకపోవడం వింతే. పరాయి దేశపు సిల్వర్ ఓక్‌కు చోటిచ్చిన నేల ఇంటి చెట్టును కాదనదు.

పొరుగు బొమ్మల అనుభవం

ఈ కష్టం ఏటికొప్పాక ఒక్కదానిదే కాదు. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కావాలి. నిర్మల్ బొమ్మకూ పొణికే కావాలి. ఆ రెండు ఊళ్లకూ భౌగోళిక గుర్తింపు ఉంది, రెంటికీ కర్ర బెంగ ఉంది. కర్ణాటకలో చన్నపట్టణం బొమ్మలదీ లక్కపూతే, చెక్కా అంకుడు జాతిదే. పని మోటార్లతో, కొత్త డిజైన్లతో, పాఠశాలల ఆర్డర్లతో అక్కడ విస్తరించింది. అయినా కర్ర సంగతి వచ్చేసరికి అక్కడి పనివారూ అడవుల శాఖ వైపే చూస్తారు. నాలుగు ఊళ్లలోనూ డిజైనర్లు వచ్చారు, వర్క్‌షాపులు జరిగాయి, ప్రదర్శనలు పెట్టారు. నాటడం మాత్రం ఎప్పుడూ కార్యక్రమం చివరి గంటకు మిగిలిన అంశమే.

లక్క సంగతి కొంత నయం. కుసుమ, మోదుగ, రేగు చెట్ల మీద లక్కపురుగును పెంచడం ఎలాగో రాంచీ దగ్గర నాంకుంలో 1924లో మొదలైన లక్క పరిశోధన సంస్థ వందేళ్లుగా చెబుతూ ఉంది. పూతకు ఒక సంస్థ ఉంది. చెక్కకు ఆ మాత్రం పట్టింపు కనిపించదు.

ఆట ఎక్కడ మిగిలింది

పరిరక్షణ గురించి మాట్లాడేటప్పుడు తరచూ జారిపోయే మరో సంగతి ఆట. ఏటికొప్పాక వస్తువుల్లో ఇప్పుడు గాజు బీరువాలో పెట్టుకునేవి, ఆఫీసు బల్ల మీద బహుమతిగా కూర్చునేవి పెరిగాయి. దానివల్ల కళాకారుడికి కాస్త మంచి ధర వస్తే తప్పు పట్టలేం. కానీ లక్కపిడతలతో ఆడని పిల్లలు పెద్దయ్యాక వాటిని కొనరు. కొనేవారి తరం ఒకటి తెగితే ఏ శకటమూ దాన్ని అతికించలేదు. బొంగరం బీరువాలో నిలబడి తిరగదు. అంగన్‌వాడీలకు కొనే ఆటవస్తువుల్లో ప్లాస్టిక్‌కు బదులు సహజ రంగుల లక్కబొమ్మలకు చోటిస్తే, ఆటకూ అమ్మకానికీ ఒకే దెబ్బతో ఊపిరి వస్తుంది. ఆ అంగన్‌వాడీల్లో గూడెం కొత్తవీధివి కూడా ఉండాలి. తమ కొండ చెట్టుతో చేసిన బొమ్మను అక్కడి పిల్లలు శకటం మీద చూడటంతోనే సరిపెట్టుకోకూడదు.

ఏం చేయాలి

ముందుగా, అంకుడు కొమ్మకర్రను కలప జాబితా నుంచి వేరుచేసి, వంతులవారీగా కొట్టుకునేందుకు గ్రామసభకు అనుమతినివ్వాలి. అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడి, పెంచి, నిర్వహించుకునే హక్కును గ్రామసభకు ఇచ్చింది. ఆ నిర్వహణ ప్రణాళికలో అంకుడు పేరు రాస్తే చాలు, సగం పని అవుతుంది. రెండోది, ఉపాధి హామీ పనుల్లోనూ వనసంరక్షణ సమితుల నాట్లలోనూ అంకుడుకు వాటా ఇవ్వాలి. మూడోది, 1956 నుంచి కొండల్లో చింతపండు, తేనె, కరక్కాయ కొంటున్న గిరిజన సహకార సంస్థ చేతికే అంకుడు కర్ర కొనుగోలు కూడా అప్పగించి, ఏటికొప్పాక కళాకారుల సంఘాలకు నేరుగా అమ్మించాలి. అప్పుడు కొండ మీద చెట్టుకు ధర ఉంటుంది, కింద లేత్‌కు కర్ర ఉంటుంది. చివరిది, అనకాపల్లి, అల్లూరి జిల్లాల కలెక్టర్లు ఏడాదికొకసారైనా ఒకే బల్ల దగ్గర కూర్చుని ఈ లెక్క చూడాలి.

ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. శకటానికీ ప్రదర్శనలకూ అయ్యే ఖర్చు ముందు ఇవి నామమాత్రం. ఏటికొప్పాక బొమ్మకు పతకాలు వచ్చాయి, పత్రాలు వచ్చాయి, ఢిల్లీ చూసి వచ్చింది. ఇక రావాల్సింది కొండ మీద హక్కు. లక్కపూత మీద కొండవాడికి హక్కు ఇవ్వడానికి చట్టానికి 2006 దాకా పట్టింది. లోపలి చెక్క మీద హక్కుకు మరో తరం ఆగలేం, ఎందుకంటే అప్పటికి హక్కు వచ్చినా కొట్టుకోవడానికి చెట్టు ఉండదు.